పెట్టె ఇస్తా, తాళం ఇయ్యను

నాకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. మా బళ్ళో పిల్లలకు ఈ సంగతి బాగా తెలుసు. జ్యోతి టీచరు అరుస్తున్నంతసేపూ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటారు, మెల్లగా మాట్లాడటం మొదలుపెడితే మాత్రం గబగబా పుస్తకాలు తెరుస్తారు. ఆ శుక్రవారం సాయంత్రం ప్రొద్దుటూరులో షాకీర్ షెడ్డు ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నేను చాలా మెల్లగా అడిగాను.

"బ్యాటరీ వైరు పీకినావా, పీకలేదా?"

షాకీర్ కార్ల ఎలక్ట్రీషియన్. పన్నెండేళ్ళుగా నా కారు మీద అతని చెయ్యి తప్ప ఇంకొకరి చెయ్యి పడలేదు. అంతటివాడు తల దించుకుని చేతిలో ఉన్న గుడ్డతో తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు.

"లేదు టీచరమ్మా. ఒక్క చుక్క వెల్డింగే గదా, నిమిషం పని గదా అనుకున్నా. పీకకుండానే పెట్టేసినా. గల్తీ నాదే."

చిన్నప్పుడు వచ్చిన పోలియోతో నా రెండు కాళ్ళూ పోయాయి. చంకకర్రలతో పది గజాలు నడుస్తాను, పదకొండో గజానికి చిరాకు మొదలవుతుంది. అందుకని నా కారులో క్లచ్చి లేదు, గేర్లు వాటంతట అవే మారతాయి. స్టీరింగు పక్కన ఒక లివరు ఉంటుంది. ముందుకు తోస్తే బ్రేకు, వెనక్కి లాగితే వేగం. ఇరవై ఏళ్ళ పాత కారు. ఆ కంపెనీ ఆ మోడల్ చేయడం మానేసి చాలా కాలమైంది. లివరు కింద పట్టీ బీటలు వారిందని, దాన్ని అతికించమని షాకీర్‌కు ఇచ్చాను. పట్టీ బ్రహ్మాండంగా అతుక్కుంది. కారు చచ్చిపోయింది.

ఇంజనుకు ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో, గేరు ఎప్పుడు మార్చాలో చెప్పే కంప్యూటరు పెట్టె ఒకటి డాష్‌బోర్డు వెనకాల ఉంటుంది. మెకానిక్కులు దాన్ని ఈసీఎం అంటారు. వెల్డింగు కరెంటు దాంట్లోకి పోయి, అది కాస్తా కాలిపోయింది.

వేరే వారమైతే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. కానీ అదే రోజు మధ్యాహ్నం కడప విద్యాశాఖ ఆఫీసు నుంచి సూపరింటెండెంటు ఫోన్ చేశాడు. నాకు హెడ్‌మిస్ట్రెస్ ప్రమోషన్ వచ్చింది. ముద్దనూరు దాటాక పులివెందుల రోడ్డు దిగి నాలుగు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే ఊళ్ళో హైస్కూలు. ఆ నాలుగు కిలోమీటర్లకు బస్సు లేదు. అక్కడ పని చేయడానికి ఎవరూ ఒప్పుకోక రెండేళ్ళుగా ఆ బడికి హెడ్‌మాస్టరే లేడు. శనివారం సాయంత్రం అయిదు లోపల వస్తానో రానో చెప్పాలి. వస్తే సోమవారమే చేరాలి. చెప్పకపోతే జాబితాలో నా తర్వాత ఉన్నాయనకు ఇచ్చేస్తారు.

"వస్తానని చెప్పేయండి టీచరమ్మా. కారు సంగతి తర్వాత చూసుకుందాం. సోమవారం నేనే వ్యానులో దింపుతా" అన్నాడు షాకీర్.

"ఒక్క సోమవారమేనా? ఏడాదికి ఎన్ని సోమవారాలుంటాయి?"

నేను అలా చెప్పను. దానికి కారణం ఉంది. ఈ కారు లేని రోజుల్లో కమలాపురం అవతల ఒక బడికి వస్తానని మాట ఇచ్చి చేరాను. రెండు బస్సులు ఎక్కి దిగలేక నాలుగు నెలల్లో వదిలేశాను. ఆ ఏడు వాళ్ళకు లెక్కలు చెప్పేవాళ్ళే దొరకలేదు. పదో తరగతిలో సగానికి సగం మంది లెక్కల్లో తప్పారు. వాళ్ళలో పధ్నాలుగు మంది పేర్లు ఇప్పటికీ వరుసగా చెప్పగలను. ఆ సిగ్గుతోనే లోను పెట్టి కారు కొన్నాను. మళ్ళీ ఇంకో బడి పిల్లలకు అదే అన్యాయం చేయను. కారు నడిస్తేనే వస్తానంటాను, నడవకపోతే రానని చెప్పేస్తాను. కానీ ఆ హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలో కూర్చోవాలని నాకు ఎంత ఆశగా ఉందో ఆ సాయంత్రమే మొదటిసారి తెలిసింది.

"కొత్త పెట్టె దొరకదా?"

"కంపెనీలో లేదు. పాతది వెతకాల్సిందే. ఇట్లాంటి కార్లు పాత సామాన్ల గుజిరీ అంగళ్ళలో పడుంటాయి. రేపు పొద్దున్నే మిమ్మల్ని పిలుచుకొని పోతా. నా తలకాయ తాకట్టు పెట్టయినా తెస్తా."

"నీ తలకాయ తాకట్టుకు ఎవరూ తీసుకోరులే" అన్నాను. అప్పటికి నా గొంతు కొంచెం పెరిగింది. అతనికీ ప్రాణం లేచి వచ్చింది.

శనివారం తొమ్మిదింటికల్లా షాకీర్ వ్యాను జమ్మలమడుగులో మా ఇంటి ముందుకు వచ్చింది. మా అమ్మ రూతమ్మ నన్ను ఎక్కించి, వ్యాను తలుపు పట్టుకుని ప్రార్థన మొదలుపెట్టింది. ప్రభువా, నా బిడ్డకు తగిన పెట్టెను చూపించు తండ్రీ అని కళ్ళు మూసుకుని గట్టిగా అడుగుతుంటే ఎదురింటివాళ్ళు నాకు పెళ్ళి సంబంధం ఏదో కుదురుతోందనుకుని బయటికి వచ్చి నిలబడ్డారు. షాకీర్ కూడా స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చివరిదాకా ఆగి, ఆమెన్ అన్నాకే బండి తీశాడు.

ప్రొద్దుటూరులో జైబున్నీసాది పెద్ద గుజిరీ అంగడి. మొగుడు పోయాక ఇరవై ఏళ్ళుగా తనే నడుపుతోంది. ఏ సామానుకూ చీటీ ఉండదు, పుస్తకం ఉండదు. అంతా ఆమె తలలోనే. ఏది అడిగినా దాని యజమాని ఎవరో చెబుతుంది. ఈ డైనమో మైదుకూరు డాక్టరుది, ఆ తలుపు పెళ్ళయిన వారానికే గుద్దేసిన పెళ్ళికొడుకుది, అలా.

"ఈసీఎంలా? అదిగో, ఆ గోనెసంచీ. చూసుకోండి బేటా" అంది.

షాకీర్ సంచీని నేల మీద బోర్లించాడు. ఎనిమిది పెట్టెలు. అటూ ఇటూ తిప్పి చూసి, అయిదోది చేతికి తీసుకోగానే ఎగిరి గంతేశాడు. "ఇదే! ఇదే టీచరమ్మా! అదే కంపెనీ, అదే సైజు, అదే సాకెట్టు!" మా కాలిపోయిన పెట్టెను వెంట తెచ్చుకున్నాం. రెండూ పక్కపక్కన పెడితే ఒకే కాన్పులో పుట్టినట్టు ఉన్నాయి. నాకూ ఆశ పుట్టింది. కానీ ముప్పై బ్యాచీల పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని, సంతకం పెట్టే ముందు కూడిక మళ్ళీ వేసే అలవాటు.

"పెట్టె మీద నంబరు చదువు" అన్నాను.

మా పెట్టె మీద తొమ్మిది అంకెలున్నాయి, చివర 417. షాకీర్ చేతిలో ఉన్నదానికి మొదటి ఆరు అంకెలూ సరిపోయాయి. చివర 411.

"ఒక్క అంకే గదా తేడా. ప్లగ్గు దూరింది గదా."

"లెక్కల పేపరుకూ సైన్సు పేపరుకూ కవరు ఒకటే షాకీర్. లోపల ఏముందో చూడకుండా పంచితే ఏమవుతుంది? సాకెట్టులో పిన్నులు లెక్కపెట్టు."

అతను ముక్కు దగ్గర పెట్టుకుని లెక్కపెట్టాడు. మా పెట్టెలో ఎడమ మూలన ఎనిమిది పిన్నులున్నాయి. దాంట్లో ఆ మూల ఖాళీ. అతని మొహం వాడిపోయింది. "అవును. ఇది క్లచ్చి ఉండే కారుది. ఆ ఎనిమిదీ గేర్లకు పోయే పిన్నులు. ఇది పెడితే ఇంజను లేసినా గేరు పడదు." మిగిలిన మూడు పెట్టెలూ చూశాం. వాటిలో ఒకటి అసలు ఈ కంపెనీదే కాదు. మిగతా రెంటికీ చివర 411 ఉంది.

జైబున్నీసా వక్క నములుతూ మా వైపు చూస్తోంది. "గేర్లు దానంతట అదే వేసుకునే కారా? ముందే చెప్పల్ల గదా. ఆ రకంది ఒకటే ఒకటి నా చేతికి వచ్చి, రాకుండ పోయింది. పులివెందుల దగ్గర చీనీ తోటల వనజమ్మది. ఇంజను పట్టేసిందని అమ్ముతామంటే రెండేళ్ళ కిందట లారీ పంపినా. అంతా మాట్లాడుకున్నాక కారు తాళం ఇయ్యనన్నది. తాళం లేకుండ ఎట్ల కొనేది? మాటా మాటా పెరిగి లారీ ఖాళీగా వచ్చింది. శానా మొండి మనిషి."

"తాళం లేకపోతేనేం? మనకు పెట్టె చాలు" అన్నాను.

షాకీర్ తల అడ్డంగా ఊపాడు. "చాలదు టీచరమ్మా. పెట్టె, తాళం జత. ఏ తాళంతో పుట్టిందో ఆ తాళాన్నే గుర్తుపడతాది. వేరేది పెడితే లైట్లు వెలుగుతాయి గానీ ఇంజను లేవదు. జత మార్చల్లంటే బెంగళూరుకు పంపల్ల, వారం పైనే పడతాది."

వారం మాకు లేదు. టైము పదకొండున్నర. "ఆ మొండి మనిషి ఇల్లు తెలుసా?" అని జైబున్నీసాను అడిగాను. ఆమె లారీ తోలినవాడికి ఫోన్ చేసి దారి కనుక్కుని చెప్పింది. మాట్లాడి ఎవరినైనా ఒప్పించగలనని నాకు నా మీద గట్టి నమ్మకం. ఎమ్మెల్యే ఆఫీసులో కూర్చుని మా బడికి రెండు గదులు తెచ్చినదాన్ని, ఒక తాళం తేలేనా అనుకున్నాను. వ్యానులో ముద్దనూరు దాకా మేమిద్దరం పెళ్ళికి పోతున్నట్టు మాట్లాడుకుంటూనే ఉన్నాం. నేను చేరబోయే ఊరి దారి కనిపించగానే షాకీర్ వ్యాను నెమ్మది చేశాడు. సన్నటి రోడ్డు ఒకటి లోపలికి పోతోంది. దాని చివర బడి ఉంది. ఇంకో నాలుగు గంటల్లో అది నాదో కాదో తేలిపోతుంది.

వనజమ్మ ఇల్లు పులివెందులకు ఇవతల చీనీ చెట్ల, అంటే బత్తాయి తోటల మధ్యన ఉంది. అరవై ఏళ్ళు ఉంటాయి, పొట్టి మనిషి, చీర కొంగు నడుముకు దోపి బర్రెకు కుడితి పెడుతోంది. మంచం మీద ఆమె భర్త నారాయణ పేపరు చదువుకుంటున్నాడు. పశువుల కొట్టం చివరి గుంజ పక్కన మా కారుకు తోడబుట్టిన కారు నిలబడి ఉంది. పైన డ్రిప్పు పైపుల చుట్టలు, లోపల వెనక సీట్లో పొదిగే కోడి.

నేను వ్యానులోంచి కర్రలు దించుకుని దిగేలోపల వనజమ్మే దగ్గరికి వచ్చి కుర్చీ వేసింది. నేనెవరో, ఎందుకొచ్చానో, సాయంత్రం అయిదుకు ఏమవుతుందో ఒక్క ముక్క దాచకుండా చెప్పాను. ఆమె అంతా విని అంది.

"పెట్టె కావల్లనా? విప్పుకోండి. ఆడ ఊరికే పడుండాది. మనిషి కాళ్ళు నడవడానికి పనికొస్తాదంటే దానికి దుడ్లు గూడ అడగను. తాళం మాత్రం అడగొద్దు."

ముందు పెట్టె సరిపోతుందో లేదో చూడాలి కదా. షాకీర్ కోడిని బతిమాలి, డాష్‌బోర్డు కిందికి దూరాడు. ఎలుకలు వైర్లు కొరికాయి గానీ పెట్టె జోలికి పోలేదు. అతను లోపలినుంచి టార్చి పట్టుకుని నంబరు చదవడం, నేను ఫోనులో మా నంబరు ఫొటో చూసుకుంటూ బదులు చెప్పడం. మొదటి ఆరూ సరిపోయాయి.

"నాలుగు" అన్నాడు.

"నాలుగు!"

"ఒకటి."

"ఒకటి!"

ఆ తర్వాత సద్దు లేదు. దుమ్ము తుడుస్తున్నాడో ఏం చేస్తున్నాడో తెలీదు. "షాకీర్! చెప్పు! ఒకటా, ఏడా?"

"ఏడు! ఏడే టీచరమ్మా! ఏడు!" అని అరుస్తూ లేవబోయి స్టీరింగుకు తల టంగుమని కొట్టుకున్నాడు. కోడి ఎగిరిపోయింది. నేను కుర్చీలోనే చప్పట్లు కొట్టాను. ఎందుకో తెలీకపోయినా నారాయణ కూడా పేపరు పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. పిన్నులు లెక్కపెడితే ఎడమ మూలన ఎనిమిదీ ఉన్నాయి.

ఇక తాళం. దేవుడి గూట్లో పసుపు రాసి పెట్టిన తాళాన్ని వనజమ్మ అక్కడినుంచే చూపించింది. రెండోది ఎప్పుడో పోయిందట, ఉన్నది అదొక్కటే.

"మా ఇంట్లో ఎద్దును అమ్మినా బర్రెను అమ్మినా మెడకు కట్టిన పలుపు తాడు ఇయ్యం పాపా. కొన్నోళ్ళు వాళ్ళ పలుపు తెచ్చుకొని కట్టుకొని తోలుకోని పోవల్ల. మా అత్త ఇయ్యలేదు, నేను ఇయ్యను. పలుపు ఇస్తే కొట్టంలో లచ్చిమి గూడ దాని ఎమ్మడే లేసిపోతాది. ఈ కారు మా మొదటి చీనీ కాపుతో కొన్న్యాం. దీనికి పలుపు అంటే ఆ తాళమే."

"ఎద్దు అయితే కొత్త పలుపు కట్టినా నడుస్తుందమ్మా. ఈ పెట్టె వేరే తాళాన్ని ఒప్పుకోదు."

"అది దాని మొండితనం. నాది నాది."

"ఇచ్చేయరాదా మే, పాపం" అని నారాయణ మంచం మీదినుంచి అన్నాడు. ఆమె ఆయన వైపు చూసింది. ఆయన పేపరు మళ్ళీ తీసుకున్నాడు.

రెండుంబావు అయింది. నా గొంతు తగ్గింది. "నడవని కారు తాళం గూట్లో పెట్టుకుని మీరేం చేస్తారమ్మా? అవతల నూట యాభై మంది పిల్లలు బడిలో దిక్కులేకుండా ఉన్నారు" అన్నాను. నా మాట నాకే చేదుగా వినిపించింది.

వనజమ్మకు కోపం రాలేదు. "మీరు కిరస్తానోళ్ళు గదా. మీ తాతదో నాయనదో పాత బైబిలు మీ ఇంట్లో ఉండాదా?"

"ఉంది."

"చదవను వస్తాదా అది?"

రాదు. మా తాతది, అంచులు చెదలు తిన్నాయి, సగం పేజీలు అతుక్కుపోయాయి. మా అమ్మ దాన్ని తెల్ల గుడ్డలో చుట్టి బీరువాలో పెట్టింది. ఎవరైనా అడిగితే ఇస్తుందా? అడిగినవాళ్ళను గడప దిగేదాకా వదలదు. సిగ్గేసింది. పొద్దున్నుంచి ఈమె మొండితనం విరగ్గొట్టాలని వచ్చానే గానీ, అది విరక్కుండా పని జరిగే దారి ఉందా అని ఒక్కసారి కూడా ఆలోచించలేదు. లెక్క కుదరకపోతే విద్యార్థిని తిట్టే టీచరును నేను. ముందు లెక్క చూడాలి కదా.

"షాకీర్ భాయ్, ఒక మాట చెప్పు. ఆ పెట్టె గుర్తుపట్టేది తాళంలో దేన్ని? ఇనుమునా?"

అతను తటపటాయించాడు. "ఇనుమును కాదు. పైన నల్ల ప్లాస్టిక్కు తలకాయ ఉంటాది గదా, దాంట్లో చిన్న గింజ ఉంటాది. గాజుది. దాన్ని గుర్తుపడతాది. కారులో పెట్టి తిప్పడానికి మీ తాళం ఇనుము చాలు."

"మరి పొద్దున్నుంచి ఈ ముక్క చెప్పలేదేం?"

"దాన్ని కోసి తీయల్ల. తీసేటప్పుడు గింజ పగిలితే అంతే. ఉన్నది ఒకటే తాళం. నిన్న ఒక తప్పు చేసినా టీచరమ్మా. ఇంకోటి చేసే ధైర్యం నాకు లేదు." చేతులు చూపించాడు. నిజంగానే వణుకుతున్నాయి. పన్నెండేళ్ళలో అతన్ని అలా చూడలేదు. నిన్నటినుంచి నేను అన్న మాటలన్నీ అతని చేతుల్లోకి దిగినట్టున్నాయి.

నేను వనజమ్మ వైపు తిరిగాను. "అమ్మా, పలుపు మీదే. మీ గూట్లోనే ఉండనీ. దాని తలకాయలో చిన్న గింజ ఒకటి ఉందట. అదొక్కటి ఇస్తారా? ఇవ్వకూడదంటే చెప్పండి, ఇప్పుడే లేచిపోతాం, ఇంకో మాట అడగను."

ఆమె నిలబడి ఆలోచించింది. గూటి వైపు చూసింది, కొట్టం వైపు చూసింది. కుడితి తాగిన బర్రె తల ఎత్తి గంట మోగించుకుంటూ పక్కకు జరిగింది.

"ఎద్దును అమ్మేటప్పుడు మెడలో గంట అడిగితే ఇస్తాం" అంది నెమ్మదిగా. "గంట ఇయ్యొచ్చు. మా అత్త ఇచ్చింది, నా కండ్లతో చూసినా. పలుపే ఇయ్యగూడదు." చేతులు కొంగుకు తుడుచుకుని, "ఆ గింజ గంట అనుకుంటా" అంది.

నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. ఆమె విడిపించుకుని గూట్లోంచి తాళం తెచ్చి షాకీర్‌కు ఇవ్వబోయి, అతని చేతులు చూసి ఆగిపోయింది. "ఈయప్ప చేతులు ఇట్ల ఊగుతాంటే ఎట్ల? నేనే తీస్తా. విత్తనం చెనిక్కాయ గింజ మీద పొట్టు లేవకుండ నలభై ఏండ్లు వొలిచినా. యాడ కోయల్లనో చూపించు."

షాకీర్ ప్లాస్టిక్కు అతుకు చూపించాడు. వనజమ్మ నేల మీద పాత చీర పరిచి కూర్చుని, చాకు మొనతో ఆ అతుకు వెంబడే గీత గీసింది. మళ్ళీ గీసింది. ఆ తర్వాత చాకు పక్కన పెట్టి రెండు బొటనవేళ్ళతో నొక్కింది. టిక్కుమంది. ఆమె అరచెయ్యి తెరిచింది. బియ్యపు గింజంత గాజు ముక్క, చిన్న గీటు కూడా పడలేదు.

"ఇదేనా? దీనికేనా మా లారీ గొడవ అంతా?" అంది వనజమ్మ. ముగ్గురం పడీ పడీ నవ్వాం. తలకాయ లేని తాళాన్ని ఆమె కళ్ళకద్దుకుని గూట్లో పెట్టింది. గింజను కాగితంలో చుట్టి నాకిచ్చి, తన ఫోను నంబరు చెప్పింది. "కారు లేస్తే నాకు ఫోన్ చెయ్యి. సద్దు వినల్ల."

దారిలో షాకీర్ వ్యానును ఎలా తోలాడో నేను మా అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. ఎర్రగుంట్ల దగ్గర రైలు గేటు పడింది. సిమెంటు వ్యాగన్ల గూడ్సు ఒకటి, మనిషికి పనీ పాటా లేనట్టు నింపాదిగా పోతోంది. నేను వ్యాగన్లు లెక్కపెట్టాను. యాభై ఎనిమిది. గేటు లేవగానే ముందున్న లారీవాణ్ణి నేను కిటికీలోంచి తల బయటపెట్టి అన్న మాటలు హెడ్‌మిస్ట్రెస్ అనే మాటలు కావు. గొంతు పూర్తిగా పెరిగింది, ఒళ్ళంతా సంతోషంగా ఉంది.

షెడ్డు చేరేసరికి నాలుగూ ముప్పై అయిదు. జైబున్నీసా అంగడి వదిలేసి అక్కడికి వచ్చి కూర్చుంది. షాకీర్ ముందుగా బ్యాటరీ దగ్గరికి పోయి రెండు వైర్లూ పీకి, పైకి ఎత్తి నాకు చూపించాడు. నేను తల ఊపాక పెట్టె బిగించాడు. గాజు గింజను నల్ల టేపుతో తాళం దూర్చే చోట అంటించాడు. వైర్లు మళ్ళీ కలిపాడు. నేను సీట్లో కూర్చుని నా తాళం పెట్టి తిప్పాను.

లైట్లు వెలిగాయి. ఇంజను లేవలేదు. తాళం గుర్తు ఒకటి డాష్‌బోర్డు మీద ఎర్రగా కొట్టుకుంటోంది.

షాకీర్ నా పక్కకు వంగి టేపు ఊడదీశాడు. ఇప్పుడు అతని చేతులు వణకడం లేదు. గింజను నిలువుగా ఉన్నది అడ్డంగా తిప్పి మళ్ళీ అంటించాడు. "ఇంగోసారి టీచరమ్మా."

తిప్పాను. ఎర్ర గుర్తు ఆరిపోయింది. ఇంజను లేచింది.

జైబున్నీసా అల్లా అంది, నేను ఏసయ్యా అన్నాను, షాకీర్ ఏమన్నాడో ఇంజను సద్దులో వినపడలేదు. లివరు లాగాను. కారు షెడ్డులోంచి రోడ్డు మీదికి వచ్చింది. వేగం పెరిగే కొద్దీ గేరు మారింది, నా నడుముకు తెలిసింది. మళ్ళీ మారింది. సందు చివరిదాకా పోయి తిప్పుకుని వచ్చాను. కన్నీళ్ళకు దారి సరిగ్గా కనిపించడం లేదు, పక్కనున్న టీ అంగడి బెంచీకి తగలబోయి తప్పింది.

వనజమ్మకు ఫోన్ చేసి, మాట్లాడకుండా ఫోనును ఇంజను దగ్గర పట్టుకోమని షాకీర్‌కు ఇచ్చాను. నేను లివరు మెల్లగా లాగాను. స్పీకరు ఆన్ చేసి ఉంది. ఆమె ఫోనులో కాదు, ఇంట్లోకి తిరిగి కేక పెట్టింది.

"ఏమప్పా, లెయ్యి, లేసి రా! మన బండి అరుస్తాంది. మన బండే!"

వనజమ్మ ఫోను పెట్టేసిందో లేదో నా ఫోను మోగింది. కడప ఆఫీసు. అయిదుకు మూడు నిమిషాలు తక్కువ.

"మేడమ్, ఏమంటారు? మీ తర్వాత ఉన్న ఆయన ఇక్కడే నా ముందే కూర్చున్నారు. ఆ ఊరికి బస్సు లేదని మీకు తెలుసు కదా. తర్వాత మాకు ఇబ్బంది కాకూడదు. రాలేనంటే ఇప్పుడే చెప్పేయండి, ఎవరూ తప్పు పట్టరు."

"ఆ బడి గేటుకు రెండు రెక్కలున్నాయా, ఒకటేనా?" అన్నాను.

"గేటా? రెండు ఉంటాయనుకుంటా. ఎందుకు మేడమ్?"

"సోమవారం తొమ్మిదింపావుకు రెండూ తీసి పెట్టమని చెప్పండి. నా కారు మెట్ల దాకా రావాలి."